మరచెంబు మూత ఇంజన్

ఎడమ పిక్క

నా ఎడమ పిక్క మీద ఒక్క వెంట్రుక కూడా లేదు. కుడి పిక్క అందరికీ ఉన్నట్టే ఉంది. లుంగీ పైకి మడిచి గుమ్మంలో కూర్చున్నప్పుడల్లా మా ఆవిడ మార్తమ్మ అదే మాట అంటుంది: "సగం కాలు ఆ లారీకే ఇచ్చి అచ్చిండు."

అబద్ధమేమీ కాదు. నేను నడిపిన లారీలో ఇంజన్ క్యాబిన్ లోపలే ఉండేది, డ్రైవరు ఎడమ కాలికి ఆనుకుని. పైన ఒక రేకు డొప్ప, డొప్ప మీద పాత గోనెసంచి. చలికాలం హాయి. ఎండాకాలం ఆ పక్క కూర్చోవడమంటే పొయ్యిలో కాలు పెట్టడమే. ఏళ్ళ తరబడి ఆ సెగకు వెంట్రుకలన్నీ మాడిపోయి మళ్ళీ మొలవడం మానేశాయి.

కానీ ఆ డొప్ప మీదే నా జొన్నరొట్టె వెచ్చబడేది. నిజామాబాద్‌లో మార్తమ్మ కట్టిచ్చిన గిన్నె దాని మీద పెడితే ఆర్మూరు చేరేసరికి అప్పుడే పెనం మీంచి దించినట్టుండేది. గోంగూర వాసన, డీజిల్ వాసన కలిసి వచ్చేవి. ఇప్పటి కుర్రాళ్ళకు చెబితే ముక్కు మూసుకుంటారు. మూసుకోండి నాయనా, మీకు ఏసీ క్యాబిన్లున్నాయి. నాకు మాత్రం ఇంట్లో తిన్న ఏ రొట్టె కూడా ఆ రొట్టెలా అనిపించలేదు.

కొత్తగా డెలివరీ బండి ఎక్కేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. రూట్లు, కాగితాలు, ఆర్టీవో ఆఫీసు సంగతులు ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఇంజన్ సంగతి. దాన్ని ఎలా నడపాలో ఆరు నెలల్లో నేర్చుకోవచ్చు. దాన్ని ఎలా ఆపాలో నేర్పే మనిషి దొరకడమే కష్టం. నాకు దొరికాడు.

సేటు బండి

ఎనభైల మొదట్లో నిజామాబాద్ గంజ్‌లో, అంటే టోకు బజారులో, ఒక కిరాణా సేటు దగ్గర చేరాను. చక్కెర ఆయన ముఖ్యమైన సరుకు. బోధన్ ఫ్యాక్టరీ నుంచి బస్తాలు ఎత్తుకొచ్చి గంజ్‌లో దించడం ఒక పని. మాక్లూర్, జక్రాన్‌పల్లి, ఆర్మూరు, భీమ్‌గల్ దుకాణాలకు చేర్చడం రెండో పని. నాతోపాటు పోశెట్టి అనే హమాలీ ఉండేవాడు. బస్తా ఎత్తడంలో ఎంత గట్టివాడో నోరు కూడా అంతే గట్టిది. క్యాబిన్‌లో కూర్చుంటే ఇంజన్ మోతను మించి మాట్లాడేవాడు.

ఆ లారీ సేటుకు పాతదిగానే వచ్చింది. బాడీ సంగతి అడగొద్దు. తలుపు తాడుతో కట్టుకునేవాళ్ళం. వానొస్తే కప్పు మీంచి కారి నా నెత్తిన పడేది. ఇంజన్ మాత్రం, అబ్బ! సరుకు నింపుకుని చడావు ఎక్కుతుంటే ఆ గొంతు లావుగా, నిదానంగా, ఏ తొందరా లేకుండా పలికేది. కాలు ఇంకొంచెం నొక్కితే ఒక్క క్షణం ఆలోచించి, సరే అన్నట్టు ముందుకు లాగేది.

చలికాలం పొద్దున మాత్రం మొండికేసేది. బ్యాటరీ ఎప్పుడూ నీరసంగా ఉండేది కాబట్టి సాయంత్రం బండిని ఉతారులోనే, కిందికి వాలే రోడ్డు మీద, నిలిపేవాళ్ళం. పొద్దున పోశెట్టి టైరు కింద రాయి తీస్తే బండి తనంతట తాను దొర్లేది. గేరు వేసి క్లచ్ వదిలితే నాలుగు దగ్గులు దగ్గి, నల్లటి పొగ వదిలి లేచేది. గంజ్ ఉతారులో ఆ చోటు ఎవరూ ఆక్రమించేవారు కాదు. "అది దానియేలన్న జాగ" అనేవాళ్ళు. రోడ్డు మీద నాకంటూ ఉన్న ఆస్తి అదే.

ఆ మోత విని ఊళ్ళలో పనులు సాగేవి. భీమ్‌గల్‌లో రాజవ్వ అని దుకాణం నడిపే ముసలావిడ ఉండేది. ఊరి మొదట్లో నా బండి మోత వినపడగానే గల్లాపెట్టె ముందు నుంచి లేచి, బస్తాలకు చోటు చేసి, మా ఇద్దరికీ చాయ్ పొయ్యి మీద పెట్టేది. నేను హారన్ కొట్టిన రోజు లేదు.

పెద్ద సేటు ఎలాంటివాడంటే, పిసినారే, కాదనను. కానీ పనిచేసే మనిషినీ పనిచేసే వస్తువునూ తిట్టేవాడు కాదు. డ్రైవరు వచ్చి గడపలో నిలబడితే ముందు నీళ్ళు ఇప్పించి, తర్వాతే లెక్క అడిగేవాడు. అలాంటి యజమాని దొరికితే వదలకండి.

దమ్

ఇక నేర్పిన మనిషి. బోధన్ రోడ్డు మీద రేకుల షెడ్డులో లారీలు బాగుచేసే ఖాజా మిస్త్రీ ఉండేవాడు. తెల్లటి గడ్డం, నల్లటి చేతులు. చేరిన కొత్తలో ఒకసారి బోధన్ నుంచి నిండు లోడుతో వచ్చి, ఆయన షెడ్డు ముందు ఆపగానే ఇంజన్ బంద్ చేసేశాను. పాత బండ్లకు తాళంచెవి తిప్పితే ఇంజన్ ఆగదు. డ్యాష్‌బోర్డు కింద ఒక తీగ ఉంటుంది, దాన్ని లాగి పట్టుకోవాలి. నేను లాగాను. ఆయన పానా కింద పడేసి పరుగెత్తుకొచ్చాడు.

"అరె దానియేల్ భాయ్! దూరంకెల్లి ఉరికచ్చినోన్ని అచ్చినట్టే గొంతు పిసుకుతవా? జర దమ్ తీస్కోనియ్యవా?"

"ఎవన్ని మిస్త్రీ?"

"ఇంజన్‌ను! లోపట నిప్పుల్లెక్క కాలుతుంటది. నువ్వు ఒక్కసారే బంద్ చేస్తే నీళ్ళు ఆగుతయ్, నూనె ఆగుతది. వేడి మాత్రం యాడికి పోతది? లోపట్నే ఉడుకుతది. మెల్లగ తిరగనియ్యి. నువ్వు ఒక బీడీ తాగు. అప్పుడు తీగ గుంజు."

"నేను బీడీ తాగ మిస్త్రీ. చర్చిల ఒప్పుకోరు."

"అయితే ప్రార్థన చేస్కో. ఏదో ఒకటి చెయ్యి, గని దమ్ తీస్కోనియ్యి!"

ఆ రోజు నుంచి అదే నా పద్ధతి అయింది. ఎక్కడ ఆపినా ఇంజన్‌ను కాసేపు ఊరికే తిరగనిచ్చి, మనసులో పరలోక ప్రార్థన చెప్పుకుని, ఆమెన్ దగ్గర తీగ లాగేవాణ్ణి. పోశెట్టి దిగి బస్తాల తాళ్ళు విప్పుతూ "అయిందా అన్నా నీ ఇంజన్ పూజ?" అని ఎగతాళి చేసేవాడు. చేసుకోనీ. మా సేటు తోటి వ్యాపారుల బండ్లు మాటిమాటికీ ఇంజన్ విప్పించుకుంటుంటే మా బండి మిస్త్రీ దగ్గరికి చాయ్ తాగడానికి వెళ్ళినట్టు వెళ్ళొచ్చేది.

చెరుకు బండ్ల వరుస

ఆ ఇంజన్ మీద నాకెందుకింత ప్రేమ అని అడిగితే ఈ ఒక్క సంగతి చెబుతాను.

చెరుకు ఆడించే కాలం. బోధన్ దారి అంతా ఎడ్లబండ్లే. పైకంటా చెరుకు వేసుకుని, గడలు రోడ్డు మీద రాసుకుంటూ, ఒకదాని వెనక ఒకటి ఫ్యాక్టరీకి పోతుంటాయి. మేము చక్కెరతో నిజామాబాద్ వస్తున్నాం. ఎడపల్లి దాటాక ఒక వాగు, వాగు మీద ఇరుకు వంతెన, వంతెనకు ముందు ఉతారు. వంతెన నిండా ఎడ్లబండ్లు. వాళ్ళు దాటేదాకా పైనే ఆగుదామని బ్రేకు నొక్కాను. పెడల్ మెత్తగా దిగి నేలకు ఆనింది. మళ్ళీ నొక్కాను. ఏమీ లేదు. బ్రేకు నూనె గొట్టం ఎక్కడో పగిలింది. చేతి బ్రేకు పేరుకే ఉండేది. లాగితే చేతిలోకి వచ్చింది.

ఎదురుగా ఎడ్లు, మనుషులు. పక్కకు తిప్పుదామంటే ఒక పక్క చెరువు కట్ట ఎత్తంత లోతు పల్లం, ఇంకో పక్క పసుపు చేనులో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు. ఆ క్షణం నాకు భయం వేయలేదంటే అబద్ధం. కానీ కాళ్ళకూ చేతులకూ ఏం చేయాలో తెలుసు. క్లచ్ నొక్కి గేరు తీసి, యాక్సిలరేటర్ ఒక్క దెబ్బ కొట్టి, మళ్ళీ క్లచ్ నొక్కి మూడో గేరులోకి తోశాను. ఇంజన్ ఒక్క అరుపు అరిచింది. బండి గుంజుకుంది. మళ్ళీ అలాగే రెండో గేరు. ఈసారి అరుపు కాదు, ఏడుపు. అంత వేగంలో రెండో గేరు వేస్తే ఏ ఇంజన్ అయినా పగలాలి. డొప్ప కింద "ఠప్" మని ఏదో ఎగిరింది. క్యాబిన్ నిండా కాలిన నూనె వాసన.

"ఏసుప్రభూ! ఏసుప్రభూ!" అని పోశెట్టి కేకలు.

చివరికి ఒకటో గేరు. బండి మొత్తం వణికింది. వెనక బస్తాలు ముందుకు దొర్లి క్యాబిన్‌ను కొట్టాయి. ఆ తర్వాత నడిచే మనిషి వేగానికి దిగింది. అప్పటికి వంతెన దాటి పక్క నుంచి పోతున్న ఆఖరి బండి చెరుకు గడలు నా పక్క అద్దానికి తగిలి విరిగాయి. అంతే. ఆ బండి తోలుతున్న ముసలాయన వెనక్కి తిరిగి "ఏందిర, కండ్లు కనవడ్తలెవ్వా?" అని తిట్టి ముందుకు సాగిపోయాడు. తనకు ఏ గండం తప్పిందో ఆయనకు తెలియనే లేదు.

పోశెట్టి దూకి టైరు కింద రాయి పెట్టి "బంద్ చెయ్యన్నా, బంద్ చెయ్యి, పేల్తది!" అని అరిచాడు.

నేను బంద్ చేయలేదు. డొప్ప లేపి చూస్తే నూనె పోసే మూత ఎగిరిపోయి, ఆ నోట్లోంచి నూనె చిమ్ముతోంది. తాగే నీళ్ళ కోసం మార్తమ్మ ఇచ్చిన ఇత్తడి మరచెంబు నా సీటు పక్కనే ఉంది. దాని మూత విప్పి, రుమాలు చుట్టి, ఆ నోటికి బిగించాను. సరిగ్గా పట్టింది. తర్వాత స్టీరింగు మీద తల ఆనించి కూర్చున్నాను. ఇంజన్ మెల్లగా తిరుగుతూనే ఉంది. నేను ప్రార్థన ఎన్నిసార్లు చెప్పుకున్నానో తెలియదు. దానితోపాటే నేనూ దమ్ తీసుకున్నాను.

కాసేపటికి పోశెట్టి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏం పోశెట్టీ, లింబాద్రి గుట్ట నర్సింహస్వామి భక్తుడివి, ఏసుప్రభువును పిలిచినవేంది?" అన్నాను.

"బండి నీది గదన్నా! గందుకే నీ దేవున్ని పిలిచిన. నా బండైతే మా స్వామినే పిలుద్దును" అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ పోశెట్టి ఏడ్చేశాడు.

ఖాజా మిస్త్రీ ఇంజన్ అంతా విప్పి చూశాడు. లోపల ఏమీ విరగలేదు. ఆయన ఇత్తడి మూతను గిరగిరా తిప్పి చూసి, లోపలి అంచు ఆకురాయితో రుద్ది, నూలు దారం చుట్టి బిగించాడు. "ఇగ గిదే ఉండనియ్యి. ఈ మూత దీని పాణం కాపాడింది" అన్నాడు. అప్పటి నుంచి బండి నిదానంగా తిరిగేటప్పుడు మధ్యలో ఒక చిన్న దగ్గు దగ్గేది. మిస్త్రీ ఎంత వెతికినా ఆ దగ్గుకు కారణం దొరకలేదు. ఇంటికెళితే మార్తమ్మ చెంబు చూసి "మూతేది?" అంది. చెప్పాను. నా మొహం చూసి ఏమీ అనలేదు. మర్నాటి నుంచి మాత్రం అనడం మొదలుపెట్టింది, ఇప్పటిదాకా ఆపలేదు. అది వాళ్ళమ్మ ఇచ్చిన చెంబు మరి.

చిన్న సేటు

పెద్ద సేటు మంచం పట్టాక కొడుకు గద్దె ఎక్కాడు. చెడ్డవాడని చెప్పను. చదువుకున్నవాడు, చురుకైనవాడు, ఒక్క రోజు కూడా జీతం ఆలస్యం చేయలేదు. కానీ ఆయనకు ఏదైనా ఊరికే తిరుగుతుంటే సహించేది కాదు, అది మనిషైనా ఇంజనైనా. ఒకరోజు గంజ్‌లో బండి ఆపి ప్రార్థనలో ఉన్నాను. తలుపు దగ్గరికి వచ్చాడు.

"దానియేల్, నిలబడ్డ బండికి డీజిల్ ఎందుకు తాపుతున్నవ్?"

"దమ్ తీస్కుంటుంది సేటూ."

"ఎవరు?"

"ఇంజన్."

"ఇంజన్‌కు దమ్మేంది? బంద్ చెయ్యి!"

"చేస్త సేటూ. ఆమెన్ దాక ఆగు."

నా మొహంలోకి చూసి వెళ్ళిపోయాడు. యజమాని చెప్పిన ప్రతి మాటా వినాలి, ఇంజన్ విషయంలో తప్ప. ఇంజన్ చెడితే రోడ్డు మీద నిలబడేది ఆయన కాదు, మీరు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆయన కొత్త లారీ కొన్నాడు. పాతది తుక్కు వ్యాపారికి అమ్మేశాడు. చెప్పిన రోజున నాకు అన్నం దిగలేదు. వెళ్ళి అడిగాను.

"బాడీని ఏమన్న చేస్కోండ్రి సేటూ. ఇంజన్‌ను మాత్రం పలగ్గొట్టనియ్యకుండ్రి. అది ఇంకా బతికే ఉన్నది."

"దానియేల్, ఇనుము ఇనుమే. నువ్వు కొత్త బండి సంగతి సూస్కో."

అక్కడి నుంచి సరాసరి ఖాజా మిస్త్రీ దగ్గరికి వెళ్ళాను. అప్పటికి ఆయనకు చూపు తగ్గింది, షెడ్డులో పని కూడా తగ్గింది. సంగతి విని చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"మిస్త్రీ, తుక్కోళ్ళు సుత్తెతోటి పలగ్గొట్టి కరగబెడ్తరు. ఎట్లన్న జేసి దాన్ని కాపాడు."

"సూస్త భాయ్" అన్నాడు. అంతకు మించి మాట ఇవ్వలేదు.

తర్వాత నేను కొత్త బండితో ఊళ్ళు తిరుగుతుండగానే, మళ్ళీ కలవకముందే, ఆయనకు జబ్బు చేస్తే కూతురు వచ్చి నాందేడ్ తీసుకెళ్ళింది. షెడ్డుకు తాళం పడింది. కొన్నాళ్ళకు ఆయన పోయాడన్న కబురు వచ్చింది. తుక్కు వ్యాపారిని అడిగితే "గన్ని బండ్లల్ల నీ బండేదో నాకేం ఎర్క?" అన్నాడు. మంచి మిత్రుణ్ణీ, ఇంజన్‌నూ ఒకేసారి పోగొట్టుకున్నానని అనుకున్నాను.

కొత్త బండి

న్యాయంగా చెప్పాలి. కొత్త బండి మంచిది. బ్రేకు కాలు ఆనించగానే పట్టేది. నడుం నొప్పి తగ్గింది. చలికాలం పొద్దున తాళం తిప్పగానే లేచేది. పాత బండ్లే గొప్పవని చెప్పే ముసలి డ్రైవర్ల మాట నమ్మకండి. పాత బండి బ్రేకు ఎలా ఉండేదో పైన రాశాను కదా.

కానీ దానికి గొంతు లేదు. మొదటిసారి భీమ్‌గల్ వెళ్ళి రాజవ్వ దుకాణం ముందు ఆపితే ఎవరూ రాలేదు. లోపలికి తొంగిచూస్తే ఆవిడ గల్లాపెట్టె మీద తల పెట్టి కునుకు తీస్తోంది.

"అవ్వా, చక్కెర!" అన్నాను. ఉలిక్కిపడి లేచింది.

"నీ ఇల్లు బంగారంగాను! సప్పుడు లేకుంట దొంగలెక్క వస్తవేంది దానియేలూ? నీ బండేది?"

"అమ్మేసిండ్రు అవ్వా."

రాజవ్వ బయటికి వచ్చి కొత్త బండిని ఒకసారి, నన్ను ఒకసారి చూసింది. "పాపం" అంది. బండి గురించో నా గురించో నేను అడగలేదు. ఆ రోజు చాయ్ లేటయింది. ఆ తర్వాత ఊరి మొదట్లోనే హారన్ కొట్టడం అలవాటు చేసుకున్నాను. రిటైరయ్యేదాకా ఆ హారన్ కొట్టిన ప్రతిసారీ నాకు ఎవరి ఇంటి తలుపో దబదబా బాదినట్టే ఉండేది.

మాక్లూర్‌లో

పని మానేశాక ఒక చలికాలం. మాక్లూర్ దగ్గర మా మార్తమ్మ చెల్లెలి ఊళ్ళో చర్చిలో కోతల పండుగ. ఆరాధన అయింది, గుమ్మడికాయలూ కోళ్ళూ వేలం వేశారు, భోజనాలు అయ్యాయి. బస్సు కోసం ఇద్దరం పొలాల పక్క దారిలో నడుస్తున్నాం. మార్తమ్మ చేతిలో వేలంలో పాడుకున్న సొరకాయ.

దూరంగా ఇంజన్ మోత. నేను ఆగిపోయాను.

"ఏమైంది?"

"ఆగు. ఇను."

లావుగా, నిదానంగా, తొందర లేకుండా. మధ్యలో ఒక చిన్న దగ్గు.

"ఓ సుజాత బాపూ, బస్సు పోతది!" అని మార్తమ్మ వెనక నుంచి పిలుస్తూనే ఉంది. సుజాత మా పెద్దకూతురు. నేను గట్ల మీదుగా ఎలా వెళ్ళానో నాకే తెలియదు.

చెరుకు తోట పక్కన రేకుల పందిరి. బెల్లం కాగుతున్న కమ్మటి వాసన. సిమెంటు దిమ్మ మీద బోల్టులతో బిగించిన ఇంజన్. దాని బెల్టు చెరుకు గానుగను తిప్పుతోంది. ఇంజన్ పైన, ఎండకు మెరుస్తూ, ఇత్తడి మూత.

నలభై దాటిన రైతు, పేరు లింబాద్రి అట, చెరుకు అందిస్తున్నవాడు నన్ను చూసి "ఎవలు కావాలె కాకా?" అన్నాడు.

"ఈ ఇంజన్ యాడికెల్లి తెచ్చినవ్ బిడ్డా?"

"నిజామాబాద్‌ల ఖాజా మిస్త్రీ అని ఒక ముసలాయన ఇచ్చిండు కాకా. లారీదట. తుక్కు దుకాణంల కొట్లాడి గుంజుకచ్చిన అన్నడు. తనే వచ్చి బిగించిపోయిండు. కండ్లు సరిగ కనవడకున్నా చేతులతోటి తడిమి తడిమి బిగించిండు."

ఈలోగా మార్తమ్మ రొప్పుతూ వచ్చింది. ఇంజన్ చూసింది. మూత చూసింది.

"ఓ దేవా! నా మరసెంబు మూత!"

లింబాద్రి బిత్తరపోయాడు. "నీదా అవ్వా? మిస్త్రీ ఎంత చెప్పిండో! మూత మార్చొద్దు, మూత మార్చొద్దని. తీస్కపోతవా మల్ల?"

మార్తమ్మ సొరకాయ కింద పెట్టి, ఆ మూత దగ్గరికి వంగి కొంగు అంచుతో తుడిచింది. ఎన్నేళ్ళు నన్ను సాధించిందో ఆ మూత కోసం! "ఉండనియ్యి బిడ్డా. దాని నోరు తెరిచిపెట్టి నేనేం జేస్కుంట" అంది.

గానుగలో చెరుకు అయిపోయింది. లింబాద్రి బెల్టు జార్చాడు. ఇంజన్ మెల్లగా తిరగసాగింది. ఆయన తీగ పట్టుకున్నాడు, కానీ లాగలేదు. నేను ఆయన చేతినే చూస్తున్నాను.

"ఎందుకాగినవ్ బిడ్డా?" అని అడిగాను.

"జరసేపు దమ్ తీస్కోనియ్యాలె కాకా. గిది కూడ మిస్త్రీ మాటే. దీని డ్రైవరు రోజూ గట్లనే జేస్తుండెనట. ఆయన అడిగిండని దీన్ని ఇడిపించుకచ్చిన, ఆయన చేసినట్టే నువ్వు చెయ్యాలె అన్నడు." అని నవ్వి, తీగ మీద వేలు పెట్టాడు. "ఇగ బంద్ చేద్దునా?"

నేను కళ్ళు తుడుచుకుంటూ ఇంజన్ పక్కనే, ఎడమ కాలికి సెగ తగిలేలా, కూలబడ్డాను.

"జర ఆగు బిడ్డా" అంది మార్తమ్మ. "ఈయనను గూడ దమ్ తీస్కోనియ్యి."